ఇంట్లో కురిసిన వాన

విండ్సర్‌లో నిలబడి అమెరికా వైపు చూడాలంటే ఉత్తరానికి తిరగాలి. నదికి ఇవతల గట్టు మీద కెనడా, అవతల గట్టు మీద డెట్రాయిట్ మేడలు. కెనడా అంటే ఎప్పుడూ పైనుండేదని బడి పటంలో నేర్చుకున్నవాళ్లు ఈ సంగతి ఓ పట్టాన నమ్మరు. యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు మొదటి వారం నది ఒడ్డున నిలబడి ఫోన్లో దిక్సూచి తెరిచి చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. దిక్కులే ఇలా తిరగబడ్డ ఊళ్లో, ఒక జనవరి రోజున, కిటికీ బయట అడుగెత్తు మంచు పేరుకుని ఉండగా, మా హాల్లోని పంజరంలో ఆస్ట్రేలియా ఎడారి పిట్ట ఒకటి గుడ్డు పెట్టింది.

మూడేళ్లుగా ఆ జంట మా ఇంట్లో ఉంది. మూడేళ్లుగా గుడ్డు లేదు. ఆ చలికాలంలోనే ఎందుకు పెట్టిందో తెలుసుకోడానికి నాకు ఇంకో ఆరు నెలలు పట్టింది. జవాబు మా అమ్మ.

ముందు పిట్ట సంగతి. మన ఊళ్లలో వీటిని లవ్ బర్డ్స్ అంటాం. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో బుట్టల కొద్దీ కిచకిచలాడే పచ్చ, పసుపు, నీలం పిట్టలకు అదే పేరు. అసలు లవ్ బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికా పక్షులు, పొట్టి తోకతో, కాస్త బొద్దుగా ఉంటాయి. మనం అలా పిలిచేది బడ్జరిగార్‌ను, ముద్దుగా బడ్జీని. 1805లో జార్జ్ షా అనే ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. మెలోప్సిటాకస్ అండ్యులేటస్ అనే దాని శాస్త్రనామానికి పాడే చిలుక, ఒంటి మీద అలల్లాంటి చారలున్నది అని అర్థం. 1840లో జాన్ గూల్డ్ ఆస్ట్రేలియా నుంచి ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకొచ్చాడు. వాటిని చేతులతో మేపి పెంచినవాడు ఆయన బావమరిది చార్లెస్ కాక్సెన్. ఈ రోజు ప్రపంచమంతా పంజరాల్లో ఉన్న బడ్జీల కథ అక్కడే మొదలైంది.

అడవిలో ఉండే బడ్జీ ముప్పై గ్రాములు తూగుతుంది. రంగు ఒక్కటే, చిలకపచ్చ. మిగతా రంగులన్నీ మనుషుల పెంపకంలో బయటపడ్డవే.

రామచిలుకను ఇంట్లో పెట్టుకోవడం మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలక జోస్యం పెట్టె ఇంకా ఎక్కడైనా కనిపిస్తే అది చట్టం కళ్లుగప్పి తిరుగుతున్న పెట్టె అనుకోవాలి. బడ్జీ మన అడవి పక్షి కాదు, తరతరాలుగా పంజరంలోనే పుట్టి పెరిగినది. అందుకే అక్కడ చిలక మీద మోజు తీరనివాళ్లంతా ఇక్కడ బడ్జీని తెచ్చుకుంటారు. నేనూ ఆ బాపతే. మా అమ్మాయి పదో పుట్టినరోజుకు అంటూ రెండింటిని కొన్నాను. మగదీ ఆడదీ అని దుకాణం వాళ్లు చెప్పిన మాట నమ్మకుండా ముక్కు చూసి ఏరుకున్నాను. ముక్కు రంధ్రాల చుట్టూ మైనంలాంటి చిన్న దిమ్మె ఉంటుంది. పెద్దయిన మగపిట్టకు అది నీలంగా, ఆడపిట్టకు లేతగానో గోధుమరంగులోనో ఉంటుంది. పసుపు, తెల్ల రకాల్లో ఈ గుర్తు మోసం చేస్తుంది, పిల్లల్లో ఇంకా మోసం. జంట అని తెచ్చుకుని ఏళ్ల తరబడి గుడ్ల కోసం ఎదురుచూసిన కొందరి ఇళ్లలో చివరికి తేలేది, ఉన్నవి రెండూ మగవేనని.

జంట అనగానే మనకు చిలకా గోరింకలు గుర్తొస్తాయి. కొత్త దంపతులను చూసి ఆ మాట అననివాళ్లు లేరు. జీవశాస్త్రం చూస్తే చిలకదొక క్రమం, గోరింకదొక క్రమం. రెంటి వంశాలూ విడిపోయి కోట్ల ఏళ్లయింది. వాటికి పిల్లలు పుట్టడం మాట అటుంచి, ఒకే చెట్టు తొర్ర కోసం కొట్టుకు చస్తాయి. ఆదర్శ దంపతులకు మనవాళ్లు ఈ జోడీనే ఎందుకు ఎంచారో పెళ్లిళ్ల పేరయ్యలే చెప్పాలి. విండ్సర్‌లో నాకు ఆ రెండూ కనిపిస్తాయి. లోపల పంజరంలో చిలక చుట్టం. బయట పెరట్లో గింజల పళ్లెం మీద స్టార్లింగ్, అచ్చంగా గోరింక కుటుంబమే. 1890లో న్యూయార్క్‌లో యూజీన్ షీఫ్లిన్ అనే ఆయన వదిలిన యూరప్ స్టార్లింగుల సంతతి ఇవాళ ఖండమంతా నిండిపోయింది. అద్దానికి అటొకటి ఇటొకటి. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, అంతే.

ఇక మూడేళ్ల మౌనం. పిట్టలు ఆరోగ్యంగానే ఉన్నాయి. పంజరం ఎత్తుకన్నా పొడవు ఎక్కువున్నదే కొన్నాను, ఎందుకంటే పిట్ట అడ్డంగా ఎగురుతుంది, లిఫ్టులా పైకీ కిందికీ కాదు. పడుకోడానికి పన్నెండు గంటల చీకటి ఇచ్చాను. రెండూ ఒకదాని తల ఒకటి దువ్వుకునేవి, ముక్కూ ముక్కూ రాసుకునేవి. అంతకుమించి ఏమీ లేదు. వసంతం వస్తే పెడతాయిలే అనుకున్నాను. ఏప్రిల్ వచ్చింది, పెరట్లో రాబిన్ గూడు కట్టింది, కార్డినల్ ఎర్రగా మెరుస్తూ కొమ్మ కొమ్మా తిరిగింది. మా పంజరంలో కదలిక లేదు.

వసంతం కోసం ఎదురుచూడటంలోనే నా పొరపాటు ఉంది. అది కెనడా పక్షి లెక్క. ఆ లెక్కను ప్రపంచానికి చెప్పినవాడు కూడా కెనడా శాస్త్రవేత్తే. ఆల్బర్టా యూనివర్సిటీ జంతుశాస్త్రజ్ఞుడు విలియం రోవన్ 1924 శీతకాలంలో ఎడ్మంటన్‌లో జంకో పిట్టలను ఆరుబయట పంజరాల్లో పెట్టి, సాయంత్రాలు కరెంటు దీపాలు వెలిగించి రోజును కొద్దికొద్దిగా పొడిగించాడు. బయట ఎముకలు కొరికే చలి. అయినా దీపాల కింది పిట్టల వృషణాలు వసంతంలోలా పెరిగాయి. దీపం లేనివాటిలో చలికాలపు స్థితిలోనే ఉండిపోయాయి. పక్షి పంచాంగం చలీ వేడీ కాదు, పగటి పొడవు అని అలా తేలింది. విండ్సర్‌లో డిసెంబరు పగలు తొమ్మిది గంటలు, జూన్ పగలు పదిహేను గంటల పైమాట. ఇంత తేడా ఉన్నచోట ఆ పంచాంగం ఎన్నడూ తప్పదు. గూడు కట్టని రుతువులో పక్షి పునరుత్పత్తి అవయవాలను కుదించుకుని బరువు తగ్గించుకుంటుంది. తిరిగి ఎప్పుడు పెంచాలో సూర్యుణ్ణి చూసి తెలుసుకుంటుంది.

బడ్జీ పుట్టింది సూర్యుణ్ణి నమ్మడానికి వీల్లేని చోట. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఒక ఏడాది వాన పడుతుంది, రెండేళ్లు పడదు. పడితే గడ్డి మొలుస్తుంది, గింజ పడుతుంది. ఆ గింజ ఉన్న కొద్ది వారాల్లోనే గుడ్డూ పిల్లా రెక్కా అన్నీ అయిపోవాలి. అందుకే బడ్జీలు వేల సంఖ్యలో గుంపులు కట్టి వాన వెంట వలసపోతాయి. వాటి పునరుత్పత్తి వ్యవస్థ మన ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే స్టాండ్‌బైలో ఉంటుంది, పూర్తిగా ఆఫ్ కాదు. నీరు, పచ్చగింజ, తొర్ర, చుట్టూ సాటి పిట్టల గోల. ఇవి కూడితే వాన పడిందని అర్థం. అప్పుడు ఏ నెలైనా సరే. వెలుగు ప్రభావం బొత్తిగా లేదని కాదు గానీ, దానిది మొదటి ఓటు కాదు.

మా హాల్లో మూడేళ్లు కరువు. ఎండు గింజ, ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు, ఫర్నేస్ ఊదే పొడిగాలి, తొర్రన్నదే లేదు. ఎడారి పిట్టకు ఎడారినే ఇచ్చాను.

అక్టోబరులో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజు పంజరంలో వేలాడుతున్న కంకి చూసి నిలబడిపోయింది. పెంపుడు జంతువుల దుకాణంలో రంగు పెట్టెలో పెట్టి అమ్మే మిల్లెట్ స్ప్రే అది.

"ఒరేయ్, ఇది కొర్ర కంకి కదరా. దీనికి డాలర్లు పోశావా?"

నిజమే, కొర్రే. పక్కనున్న గింజల డబ్బాలో తెల్లగా మెరిసేవి వరిగలు. కోలగా గోధుమరంగులో ఉన్నది మాత్రం అమ్మకు తెలియదు. అది కేనరీ గింజ. దాన్ని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా పండించి ఎగుమతి చేసేది కెనడాయే, అందులోనూ సస్కచెవాన్ రాష్ట్రం. అంతవరకూ పచ్చది, నీలిది అని పిలుచుకుంటున్న పిట్టలకు అమ్మ ఆ రోజే పేర్లు పెట్టింది. పచ్చ మగది కొర్ర, నీలి ఆడది సామ.

ఆ తర్వాత అమ్మ తన పద్ధతిలో వాటిని సాకడం మొదలుపెట్టింది. ఎండు గింజ ఏం తింటాయి పాపం అని రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, తెల్లారి మొలకలు వేసింది. కిటికీ గట్టు మీద కుండీలో మెంతికూర, కొత్తిమీర మొలిపించి గిల్లి పెట్టింది. మునగాకు పొడి చల్లింది. ఉడికిన కోడిగుడ్డు సొన చిదిమి పెట్టింది. తడిపిన కొత్తిమీర కట్ట వేలాడదీస్తే సామ దాని మీద పడి దొర్లి, ఈకలన్నీ తడుపుకునేది. ఇడ్లీ పాత్ర ఆవిరీ, మా ఆవిడ గొంతు ఎండిపోతోందని పెట్టిన హ్యూమిడిఫయర్ తేమా కలిసి హాలు కాస్త కృష్ణాతీరంలా తయారైంది. రాత్రి పదకొండు దాకా అమ్మ తెలుగు సీరియళ్లు, ఆ వెలుగు, ఆ గోల. చివరిగా ఒక రోజు, "మన వీధిలో వాళ్లు లవ్ బర్డ్స్‌కి కుండ వేలాడదీసేవాళ్లు, నువ్వేమిట్రా ఏమీ పెట్టలేదు?" అంది. ఇక్కడ కుండ ఎక్కడ దొరుకుతుంది? చెక్క గూడుపెట్టె కొన్నాను. జానెడు పొడవు, గుండ్రటి కన్నం, గుడ్లు దొర్లకుండా అడుగున చిన్న గుంట.

మొలక, పచ్చన, తడి, సందడి, తొర్ర. వాన పడింది.

పెట్టె పెట్టిన పది రోజుల్లో సామ ముక్కు దిమ్మె ముదురు గోధుమరంగుకు మారి గరుకెక్కింది. లోపల హార్మోన్లు లేచాయనడానికి అది గుర్తు. కొర్ర ఆపకుండా గొణుగుడు మొదలుపెట్టాడు. చిలకలు అరుస్తాయి అంటాం గానీ బడ్జీ మగది చేసేది అరుపు కాదు. గలగలా, గుసగుసగా, సాగి సాగి వచ్చే ఒక వాగుడు. దాని పని ఏమిటో 1960లలో మాకు ఎరీ సరస్సు అవతల ఒహాయోలో బార్బరా బ్రాక్‌వే వరసగా ప్రయోగాలు చేసి చూపించింది. మగపిట్ట కనిపించకపోయినా సరే, దాని మెత్తటి గొణుగుడు వినిపిస్తే చాలు, ఆడపిట్టలో అండాశయం పెరిగి గుడ్లకు సిద్ధమవుతుంది. ఇంకో చిత్రం, మగపిట్ట తాను పాడటం వల్లే తన వృషణాలు చురుకెక్కుతాయి. పాట పెళ్లికూతురి కోసమే కాదు, పాడేవాడికీ అది మందే. ఒంటరి బడ్జీ అద్దంలో తన నీడకు పాడుకుంటుంటే నవ్వుకుంటాం గానీ, లోపల నిజంగానే ఏదో జరుగుతూ ఉంటుంది.

జంట కట్టిన తొలి వారాల్లో బడ్జీ మగది ఆడదాని పిలుపును నేర్చుకుని దాదాపు అలాగే పిలవడం మొదలుపెడుతుంది. కాలిఫోర్నియాలో జార్జ్ స్ట్రీడ్టర్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో చూపినది ఇదే. ఆడది మార్చుకోదు, మార్చుకునేది మగదే. (ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ "మీకు ఇంకా ఆ పాఠం రాలేదండీ" అంది.) చాలా పాటపిట్టలకు పాట నేర్చుకునే వయసు చిన్నతనమే. విండ్సర్ యూనివర్సిటీలో డాన్ మెన్నిల్ బృందం న్యూ బ్రన్స్‌విక్ తీరంలోని కెంట్ దీవిలో స్పీకర్లు పెట్టి అడవి సవానా పిచ్చుక పిల్లలకు పాటలు వినిపిస్తే, వాటిలో కొన్ని ఆ పాటలనే నేర్చుకుని పెద్దయ్యాక పాడాయి. 2018లో ఆ ఫలితం వచ్చింది. అడవి పక్షులు విని నేర్చుకుంటాయని అడవిలోనే చూపిన ప్రయోగం అది. బడ్జీకి ఆ వయసు హద్దు లేదు, జీవితమంతా కొత్త శబ్దాలు పట్టుకుంటుంది. జనవరి నాటికి కొర్ర వాగుడులో ఒక సీరియల్ టైటిల్ సంగీతం వినిపించేది.

సామ అతన్ని ఎందుకు మెచ్చింది? తల మీది పసుపు ఈకలు అతినీల కాంతి తగిలితే మెరుస్తాయి. 2002లో ఆర్నాల్డ్, ఓవెన్స్, మార్షల్ అనే ముగ్గురు ఆ ఈకలకు ఎండ క్రీము పూసి మెరుపు ఆపేస్తే, అవతలి పిట్టలు వాటిని పెద్దగా పట్టించుకోలేదు. అందం ఒక్కటే కాదు. 2019లో చైనా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆడపిట్టలు పెద్దగా ఇష్టపడని మగవాటికి చిక్కు పెట్టెలు తెరిచి గింజ తీసుకోవడం నేర్పారు. ఆ పనితనం కళ్లారా చూశాక ఆడవాటి మొగ్గు అటు తిరిగింది. మా కొర్ర ఏ పెట్టే తెరవలేదు. పోటీ లేకపోవడం కూడా ఒక అర్హతే అనుకుంటాను.

జనవరి రెండో వారంలో మొదటి గుడ్డు. తెల్లగా, కుంకుడుకాయంత, రెండు గ్రాములు. తొర్రల్లో పెట్టే పక్షుల గుడ్లు చాలావరకు తెల్లగానే ఉంటాయి, చీకట్లో మచ్చలతో దాచాల్సిన పని లేదు కదా. ఆపై రోజు విడిచి రోజు, మొత్తం ఐదు. పొదిగేది సామ ఒక్కతే. కొర్ర కన్నం దగ్గర వాలి, తిన్నది కక్కి ఆమె నోటికి అందించేవాడు. ఫోన్ టార్చి గుడ్డు వెనక పెట్టి చూస్తే నాలుగింటిలో ఎర్రటి రక్తనాళాల వల కనిపించింది, ఒకటి ఖాళీ.

ఈ దశలో రెండు వంటింటి విషయాలు చెప్పకుండా ముందుకు పోలేను. ఒకటి పెనం. నాన్‌స్టిక్ పెనాల మీది పీటీఎఫ్ఈ పూత, పెనం ఖాళీగా బాగా వేడెక్కిపోతే విషవాయువులు వదులుతుంది. మనకు మామూలుగా జ్వరంలా వచ్చి పోతుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి మనకులా వచ్చి వెనక్కిపోదు, ఒకే దిశలో పారుతుంది. ఊపిరి తీసినా వదిలినా తాజా గాలే తగులుతుంది. ఎత్తున ఎగరడానికి వరమైన ఆ ఏర్పాటే వంటింట్లో శాపం. గాలిలో ఉన్నదంతా పీల్చుకుని నిమిషాల్లో చనిపోతుంది. కిటికీలన్నీ బిగించిన విండ్సర్ చలికాలంలో దోసె కోసం నేను ఇనప పెనానికి మారాను. రెండోది మిరపకాయ. చిలకకు పచ్చిమిర్చి పెట్టడం మన ఆచారం, అది కారం తట్టుకుంటుందని మన నమ్మకం. తట్టుకోవడం కాదు, అసలు తెలియదు. మనకు నోరు మండించే క్యాప్సైసిన్ పట్టుకునే ద్వారం పక్షుల నరాల్లో దానికి స్పందించదు. 2002లో స్వెన్-ఎరిక్ యోర్ట్, డేవిడ్ జూలియస్ కోడి కణాల్లో దీన్ని చూపించారు. జూలియస్‌కు ఇలాంటి పనికే 2021లో నోబెల్ వచ్చింది. కొర్ర పచ్చిమిర్చి గింజలను జామపండులా తినేవాడు. అలా అని పోపు పొగ వాటికి ఏమీ చేయదనుకోకూడదు. కారం తెలియకపోయినా పొగ పొగే.

పద్దెనిమిదో రోజున పెట్టెలోంచి సన్నటి చప్పుడు. తీగ మీద గోరు గీసినట్టు. రెండు గ్రాములైనా లేని గులాబీరంగు ముద్ద, కళ్లు లేవు, ఈక లేదు. రెండు రోజులకు ఇంకోటి, ఇంకో రెండు రోజులకు ఇంకోటి. నాలుగోది గుడ్డులోనే ఆగిపోయింది. సామ మొదటి గుడ్డు నుంచే పొదగడంతో పెద్దదానికీ చిన్నదానికీ నాలుగు రోజుల తేడా వచ్చింది. ఆ వయసులో నాలుగు రోజులంటే తాతకూ మనవడికీ ఉన్నంత. మొదటి రోజుల్లో తల్లి తన కడుపులో ఊరే పలుచటి పోషకద్రవాన్ని పిల్లల నోట్లో వేస్తుంది. గింజ తర్వాత వస్తుంది. సామ పెద్దదాన్ని కాలితో పక్కకు తోసి, చివరిదాని తల వెనక్కి వంచి దాని నోట్లో పోసేది. పిల్లలు కాస్త పెరిగాక లోపలికి రావడం మొదలెట్టిన కొర్ర మాత్రం గట్టిగా ఏ నోరు అరిస్తే ఆ నోట్లో పెట్టేవాడు. అమ్మ చూసి, "అన్ని ఇళ్లలోనూ ఇంతే" అంది.

వెనిజులాలోని చిన్న చిలకల మీద కార్ల్ బెర్గ్ 2011లో ప్రచురించిన పని ఇక్కడ చెప్పాలి. గూళ్ల మధ్య గుడ్లు మార్చి పెట్టి చూస్తే, పిల్లలు కన్నవాళ్ల పిలుపు కాక పెంచినవాళ్ల పిలుపునే తమదిగా చేసుకున్నాయి. అంటే ప్రతి పిల్లకూ పెంచిన తల్లిదండ్రులు ఒక పిలుపు ఇస్తాయన్నమాట. మా అమ్మాయికి చెబితే, "అయితే ఇరవై ఒకటో రోజు బారసాల చేద్దాం నానమ్మా" అంది. చేశారు కూడా. అప్పటికి కళ్లు తెరిచి, ఈకల ములుకులు లేచి, మూడూ ముళ్లపందుల్లా ఉన్నాయి.

ములుకులు విచ్చుకున్నాక తెలిసింది, రెండు పచ్చవి, ఒకటి నీలం. మా ఆవిడ స్నేహితురాలు వచ్చి, నీలం అంటే తల్లి పోలిక అంది. అంత తేలిక కాదు. చిలకపచ్చ అనే రంగు నిజానికి ఈకలో ఎక్కడా లేదు. ఈక లోపలి స్పాంజిలాంటి నిర్మాణం నీలికాంతిని వెదజల్లుతుంది. దాని మీద సిటాకోఫుల్విన్ అనే పసుపు పూత ఉంటుంది. నీలం మీద పసుపు కలిసి మన కంటికి చిలకపచ్చ. పసుపు తయారు కాకపోతే నీలం ఒక్కటే మిగులుతుంది. 1880 ప్రాంతంలో బెల్జియం పెంపకాల్లో కనిపించిన నీలి బడ్జీకి జరిగింది అదే. ఆ పసుపును తయారుచేసే జన్యువు ఏదో 2017లో దొరికింది. అందులో ఒకే ఒక్క అక్షరం మారడంతో ఆ కర్మాగారం మూతపడుతుంది. బాగున్న జన్యువును ఈస్ట్ కణాల్లో పెడితే ఆ ఈస్టే పసుపెక్కింది. పసుపు జన్యువు ఒక్క ప్రతి ఉన్నా పచ్చరంగు వస్తుంది. నీలం కావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాడైన ప్రతులు రావాలి. కాబట్టి నీలి పిల్ల పుట్టిందంటే పచ్చటి కొర్ర లోపల కూడా ఒక నీలం దాగుందన్నమాట. పచ్చగా పుట్టిన ఆ ఇద్దరిలోనూ తల్లి ఇచ్చిన నీలం ఒకటి తప్పకుండా ఉంది. ఆ ముగ్గురినీ కలిపి ఉంచి వాటిలోవాటికే జత కడితే ఇలా దాగిన లోపాలు రంగుతో ఆగవు. అందుకే పిల్లల కాళ్లకు ఉంగరాలు తొడిగి ఏది ఏ ఇంటిదో రాసుకుంటారు. వేళ్లు ఇంకా మెత్తగా ఉన్న మొదటి వారం పది రోజుల్లోనే మూసిన ఉంగరం ఎక్కుతుంది. మాకు గంట లోపు దూరంలోని కింగ్స్‌విల్‌లో జాక్ మైనర్ 1904లో పక్షుల ఆశ్రయం పెట్టి, 1909లో ఒక బాతు కాలికి అల్యూమినియం పట్టీ వేసి వలస దారులు కనిపెట్టడం మొదలుపెట్టాడు. ఆయనది ఆకాశం లెక్క, మాది పంజరం లెక్క.

ఇంతవరకూ చెప్పినదంతా విజయం. ఇక నా తప్పు.

పిల్లలు ఐదో వారంలో పెట్టె బయటికి వచ్చాయి. అప్పుడే పెట్టె తీసేయాలి. నేను తీయలేదు. ఇంత ముచ్చటగా జరుగుతున్నది ఎందుకు ఆపాలనిపించింది. మొలకలు, గుడ్డుసొన, తేమ, సీరియళ్లు అన్నీ అలాగే సాగాయి. ఎడారిలో వాన దానంతటదే ఆగుతుంది, గింజ అయిపోతుంది, పక్షి ఆగిపోతుంది. ఆగమని చెప్పే మీట దాని ఒంట్లో లేదు, ఆకాశంలో ఉంది. మా ఇంట్లో ఆకాశం నేను. సామ మళ్లీ గుడ్లు పెట్టింది. రెండు పెట్టాక మూడోది రాలేదు. ఒక ఉదయం పంజరం అడుగున ఉబ్బి, తోక ఊపుతూ, కళ్లు మూసుకుని కూర్చుంది.

గుడ్డు అడ్డుపడటం అంటారు దీన్ని. పెంకుకు కాల్షియం కావాలి. ఒంట్లో కాల్షియం తరిగిపోతే గుడ్డును నెట్టే కండరాలకే బలం చాలదు. పంజరంలో సముద్రపు నురుగు ముక్క ఎప్పుడూ ఉంది, అదేమీ నురుగు కాదు, కటిల్ చేప లోపలి గుల్ల, ఒట్టి సున్నం. కానీ సున్నం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి, దానికి అతినీల కిరణాలు కావాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను చాలావరకు లోపలికి రానివ్వదు. కిటికీ పక్కనే పెట్టాను కదా ఎండ తగులుతోంది అని నేను మూడేళ్లు మురిసిపోయిన ఎండ ఒట్టి వెలుతురు. పక్షుల డాక్టరు దగ్గరికి అట్టపెట్టెలో, వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి తీసుకెళ్లాం. వెచ్చదనం, తేమ, కాల్షియం ఇంజెక్షన్. సాయంత్రానికి గుడ్డు బయటపడింది, పెంకు తోలులా మెత్తగా. సామ బతికింది. చేతిలో పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. అమ్మ ఆ రాత్రి సీరియల్ పెట్టలేదు.

జంటను చేర్చడమూ, వాటికి పిల్లలు కలగడమూ రెండు వేర్వేరు పనులని ఉత్తర అమెరికాకు బాగా తెలుసు. ఈ ఖండపు తూర్పు భాగానికి సొంత చిలక ఒకటుండేది, కరోలైనా చిలక. పచ్చటి ఒళ్లు, పసుపు తల. మాకు కారులో నాలుగైదు గంటల దూరంలోని సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చివరి జంట ఇంకాస్, లేడీ జేన్ ఏళ్ల తరబడి కలిసే ఉన్నాయి. లేడీ జేన్ 1917లో పోయింది. 1918 ఫిబ్రవరి 21న ఇంకాస్ పోయింది. పంజరాల్లో మిగిలిన ఆఖరి కరోలైనా చిలక అదే. వాటికి కావలసిన వాన ఏదో ఆ పంజరంలో ఎవరూ కురిపించలేకపోయారు. నేను కురిపించడం నేర్చుకుని ఆపడం మరిచాను.

ఆపడానికి చేసినవి ఇవి. పెట్టె తీసేశాను. మొలకలు, గుడ్డుసొన మానేసి ఎండు గింజ, ఆకుకూర మాత్రమే. తడి కొత్తిమీర వారానికోసారే. పగటిని తొమ్మిది గంటలకు కుదించి, సాయంత్రం ఆరు కాగానే గుడ్డ కప్పాను. పంజరం హాల్లోంచి నా చదువుకునే గదిలోకి మార్చాను. కొత్త చోటు అంటే పక్షికి గూడు ఆలోచన కాస్త తగ్గుతుంది. అతినీల దీపం ఒకటి పెట్టాను, ఇది ఆపడానికి కాదు, సామ ఎముకల కోసం. పిల్లలను తెలిసిన ఇళ్లకు ఇచ్చాం, ఏ రెండూ ఒకే ఇంటికి కాకుండా. మార్చి నెలాఖరుకు అమ్మ తెనాలి తిరిగి వెళ్లింది. సూట్‌కేసులో కొర్ర కంకి పెట్టె ఒకటి పెట్టుకుంది, వీధిలో అందరికీ ధర చూపించడానికి.

ఏప్రిల్‌లో పెరట్లో గోరింక చుట్టాలు గడ్డిపోచలు మోసుకుంటున్నాయి. రోజుకో గంట పంజరం తలుపు తీసి పిట్టలను గదిలో ఎగరనిస్తాను. కొర్ర కర్టెన్ రాడ్ మీద కూర్చుని సీరియల్ సంగీతం గొణుగుతాడు. సామ మాత్రం తిన్నగా పుస్తకాల అల్మారా దగ్గరికి వెళ్లి, రెండో అరలో పుస్తకాల మధ్య ఉన్న బెత్తెడు చీకటి సందులో తల దూర్చి చూడటం మొదలుపెట్టింది. మొదటి రోజు చూసింది. రెండో రోజు సగం లోపలికి వెళ్లింది. మూడో రోజు కాగితం చింపే చప్పుడు వినిపించింది. లేచి చేతికందిన పుస్తకం తీసుకుని ఆ సందులో దోపాను. తర్వాత చూస్తే అది కదిరీపతి శుకసప్తతి, ఇల్లు దాటబోయిన ఇల్లాలిని చిలక కథలు చెప్పి ఆపే కావ్యం. సామ దాని వెన్ను మీది అట్టను రెండుసార్లు కొరికి చూసి, ఎగిరి వెళ్లి కొర్ర పక్కన కూర్చుంది.